పక్కింటిని చూసి మనకు మార్కులు వేసే లెక్క



వార్షికోత్సవ సంచిక అనగానే కవితలు, జ్ఞాపకాలు, పెద్దల సందేశాలు గుర్తొస్తాయి. అవన్నీ ఉండవలసినవే. ఈసారి వాటి మధ్య ఒక లెక్కకు కూడా చోటివ్వమని సంపాదక మిత్రులను అడిగాను. ఎందుకంటే ఆ లెక్క మన గురించే. మన ముఖం చూడకుండా, మనల్ని ఒక్క మాట అడగకుండా, మన గురించి ఒక అంకె చెప్పగల లెక్క అది. దాన్ని నేర్చుకోవాలా, దాన్ని చూసి భయపడాలా, దానితో పోట్లాడాలా? మొదటిది చేస్తేనే మూడోది చేయగలం అన్నది నా అభిప్రాయం. భయపడటం వల్ల మాత్రం ఎవరికీ ఏమీ రాదు.

ఇంతకీ ఏమిటా లెక్క?

కంప్యూటర్ శాస్త్రంలో దీన్ని గ్రాఫుల మీద నునుపైన ప్రమేయాలను నేర్చుకోవడం అంటారు. పేరు చూసి పేజీ తిప్పేయకండి. సగటు కట్టడం వచ్చినవాళ్ళకు ఇది అర్థమవుతుంది.

ఇక్కడ గ్రాఫ్ అంటే మనం పదో తరగతిలో గళ్ళ కాగితం మీద గీసేది కాదు. కొన్ని బిందువులు, వాటిని కలిపే గీతలు. అంతే. బిందువు ఒక మనిషి కావచ్చు, ఒక జన్యువు కావచ్చు, ఒక వెబ్‌సైట్ కావచ్చు. రెండింటికీ సంబంధం ఉంటే వాటి మధ్య గీత ఉంటుంది. కొన్ని బిందువుల విలువ మనకు తెలుసు. మిగతా వాటి విలువ తెలియదు. తెలిసిన కొద్దిపాటితో తెలియని వాటన్నిటినీ అంచనా కట్టాలి. అందుకు పెట్టుకునే నమ్మకం ఒక్కటే: గీతతో కలిసిన రెండు బిందువుల విలువలు దగ్గర దగ్గరగా ఉంటాయి. అంకెలు ఎగుడుదిగుడుగా దూకకుండా మెల్లగా మారాలి. నునుపు అంటే అదే. ఆర్నెల్లు సావాసం చేస్తే వారు వీరవుతారని మన పెద్దలు అన్నారు కదా! ఆ సామెతను సమీకరణంగా రాస్తే ఈ శాస్త్రం వస్తుంది.

ఒక చిన్న ఉదాహరణ చూద్దాం. స్టడీ అవర్‌లో ఐదుగురు వరుసగా కూర్చున్నారు. పక్కపక్కన కూర్చున్నవాళ్ళ మధ్య గీత ఉందనుకోండి. మొదటివాడికి 40 మార్కులు, ఐదోవాడికి 80 మార్కులు అని తెలుసు. మధ్య ముగ్గురి పేపర్లు ఎవరూ చూడలేదు. లెక్క ఏం చెబుతుంది? తెలియని ప్రతివాడి విలువ అతని పక్కవాళ్ళ సగటు కావాలి. అప్పుడు మధ్యవాళ్ళకు 50, 60, 70 వస్తాయి. 50 అంటే 40, 60ల సగటు. 60 అంటే 50, 70ల సగటు. సరిచూసుకోండి. పక్కపక్క తేడాల వర్గాలను కూడితే 400 వస్తుంది. అదే మధ్య ముగ్గురికి 40, 40, 80 అని వేస్తే ఆ మొత్తం 1600 అవుతుంది. ఆ మొత్తం ఎక్కడ అతి తక్కువగా ఉంటుందో అదే అతి నునుపైన సమాధానం.

ఇంటర్‌లో భౌతికశాస్త్రం చదివినవాళ్ళకు ఇది పాత చుట్టమే. ప్రతి గీత స్థానంలో ఒకే నిరోధం పెట్టి, ఒక చివర 40 వోల్టులు, ఇంకో చివర 80 వోల్టులు ఇస్తే మధ్య బిందువుల్లో 50, 60, 70 వోల్టులే ఉంటాయి. కిర్చాఫ్ నియమం చెప్పేదీ, ఈ సగటు చెప్పేదీ ఒకటే. 2003లో షియావోజిన్ ఝూ, జుబిన్ గహ్రమానీ, జాన్ లాఫర్టీ అనే ముగ్గురు ఈ పాత లెక్కనే తీసుకొని, కొద్దిపాటి గుర్తులు ఉన్న సమాచారంతో కంప్యూటర్‌కు నేర్పే పద్ధతిగా మలిచారు. చేతిరాత అంకెలను గుర్తుపట్టడం మీద దాన్ని పరీక్షించి చూశారు. తరువాత అది జీవశాస్త్రంలోకీ వెళ్ళింది. తెలిసిన జన్యువుల పనిని బట్టి తెలియని జన్యువుల పనిని ఊహించే జీన్‌మేనియా అనే సాధనం 2008లో వచ్చింది. అదీ ఈ కోవలోదే.

వేగం ఎలా వచ్చింది?

ఐదుగురి లెక్క నోటితో చేయవచ్చు. ఐదు కోట్ల మంది అయితే? ప్రతి తెలియని బిందువుకూ ఒక సమీకరణం. ఇంటర్ మొదటి సంవత్సరంలో గాస్-జోర్డాన్ పద్ధతిలో మూడు సమీకరణాలు సాధించేసరికే నోటుపుస్తకంలో పేజీ నిండిపోతుంది. ఆ పద్ధతిలో పని తెలియని రాశుల సంఖ్యకు ఘనంగా పెరుగుతుంది. అంటే రాశులు పది రెట్లయితే పని వెయ్యి రెట్లు. లక్ష రాశులకు రోజులు పట్టే యంత్రానికి, మామూలుగా అదే పద్ధతిలో చేస్తే, కోటి రాశులకు వేల ఏళ్ళు పడుతుంది.

పోనీ, సగటు వేస్తూ, మళ్ళీ సగటు వేస్తూ పోతే? పొడవైన వరుసల్లో అదీ నత్తనడకే. వెయ్యి మంది వరుసలో ఒక చివరి కబురు రెండో చివరకు చేరి అంకెలు కుదురుకోవడానికి సుమారు పది లక్షల విడతలు కావాలి.

ఈ చిక్కుముడిని విప్పింది డేనియల్ స్పీల్‌మన్, షాంగ్‌హువా టెంగ్. గ్రాఫుల నుంచి పుట్టే ఇలాంటి సమీకరణాలను, వాటిని లాప్లాసియన్ సమీకరణాలు అంటారు, గీతల సంఖ్యకు దాదాపు అనులోమంగా పెరిగే సమయంలోనే సాధించవచ్చని 2004లో చూపించారు. ఈ కృషికి 2015లో వాళ్ళకు గోడెల్ బహుమతి వచ్చింది. 2010లో కూటిస్, మిల్లర్, పెంగ్ ఆ దారిని చాలా సులువు చేశారు. 2016లో రాస్మస్ కింగ్, సుశాంత్ సచ్‌దేవా చెప్పిన ఉపాయం నాకు అన్నిటికంటే నచ్చింది. మనం ఒక రాశిని తొలగించినప్పుడు, దాని పక్క బిందువులన్నీ ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. నూరు పక్క బిందువులుంటే 4950 కొత్త జతలు! పని పెరిగేది అక్కడే. వాళ్ళేం చేశారంటే, ఆ జతలన్నిటినీ ఉంచకుండా లాటరీ తీసినట్టు కొన్నిటినే ఎంచుకొని, సగటున లెక్క తప్పకుండా వాటి బరువులు సర్దారు. దానితో వచ్చే ఉజ్జాయింపు సమాధానాన్ని మళ్ళీ మళ్ళీ మెరుగుపరుస్తారు. మనం ఇంటర్‌లో చదివిన గాస్ పద్ధతికి ఒక చిన్న లాటరీ కలిస్తే ప్రపంచస్థాయి పరిశోధన అయింది. మనకు అందని ద్రాక్ష ఏమీ కాదని చెప్పడానికే ఈ వివరం రాశాను.

2015లో స్పీల్‌మన్, కింగ్, సచ్‌దేవా, అనూప్ రావు కలిసి ఇంకో అడుగు వేశారు. మొత్తం తేడాలను తగ్గించడం కాకుండా, అన్నిటికంటే పెద్ద తేడాను తగ్గించాలి, ఆ తరువాత దాని తరువాతి తేడాను, ఇలా వరుసగా. దీన్ని లిప్‌షిట్జ్ పద్ధతి అంటారు. అతి నిటారుగా ఉన్న దారిని ముందు పట్టుకొని దాని మీద సమానంగా మెట్లు కట్టడం లాంటిది. పెద్ద తేడాను మాత్రమే తగ్గించే సమాధానమైతే గీతల సంఖ్యకు అనులోమమైన సమయంలోనే, సగటున, దొరుకుతుందని వాళ్ళు చూపించారు. ఇది అవసరం కూడా. తెలిసిన బిందువులు గుప్పెడు, తెలియనివి కోట్లు అయినప్పుడు పాత సగటు పద్ధతి చతికిలపడుతుందని నాడ్లర్, స్రెబ్రో, ఝౌ 2009లో నిరూపించారు. అప్పుడు తెలిసిన బిందువుల దగ్గర మాత్రం మేకులు పొడుచుకొచ్చినట్టు ఉండి, మిగిలిన అందరికీ దాదాపు ఒకే అంకె వస్తుంది. ఎవరి గురించి సమాచారం తక్కువ ఉందో వాళ్ళందరినీ ఒకే గాటన కట్టడం అన్నమాట! ఈ మాటను కాస్త గుర్తుపెట్టుకోండి.

గీత ఎవరు గీశారు?

ఇప్పటిదాకా గణితాన్ని మెచ్చుకున్నాను. ఇక్కడి నుంచి నా ప్రశ్న.

మన ఐదుగురి వరుసకు మళ్ళీ వద్దాం. మధ్యవాడికి లెక్క 60 ఇచ్చింది. ఇప్పుడు 90 మార్కులు వచ్చిన ఆరో విద్యార్థికీ, ఆ మధ్యవాడికీ ఒక గీత గీయండి. కొత్త లెక్కలో రెండోవాడికి 57.5, మధ్యవాడికి 75, నాలుగోవాడికి 77.5 వస్తాయి. లిప్‌షిట్జ్ పద్ధతిలో చేసినా మధ్యవాడికి సుమారు 73.3 వస్తుంది. అంటే మధ్యవాడు ఒక్క అక్షరం అదనంగా చదవలేదు, ఒక్క పరీక్షా రాయలేదు, కానీ 60 నుంచి 75కు ఎక్కాడు. ఆ గీత 90 దగ్గరకు కాకుండా 10 దగ్గరకు గీసి ఉంటే? అప్పుడు 35కు పడిపోయేవాడు. చేతిలో కాగితం ఉంటే మీరే చేసి చూడండి. ఫలితాన్ని మార్చింది మార్కులు కాదు, గీత.

ఈ లెక్కలో అంకెలకు ఎంత బలం ఉందో గీతలకూ అంతే బలం ఉంది. అంకె తప్పయితే ఎవరైనా ప్రశ్నిస్తారు. గీత తప్పయితే అది ఉన్నట్టే ఎవరికీ తెలియదు.

మనుషుల మధ్య గీతలు కంప్యూటర్ రాకముందే ఉన్నాయి. అమెరికాలో 1930లలో ఇళ్ళ రుణాల కోసం నగరాల పటాలు తయారు చేసి, పేటలను నాలుగు తరగతులుగా విభజించి, నల్లవారు ఎక్కువగా ఉన్న పేటలకు ఎర్ర రంగు వేశారు. ఎర్ర పేటలో ఉన్నవాడికి, అతనెంత కష్టపడేవాడైనా, అప్పు పుట్టడం కష్టమైంది. పక్కింటిని చూసి నీ విలువ కట్టడం అంటే అదే. మన దేశంలో సుఖ్‌దేవ్ థోరట్, పాల్ అట్వెల్ చేసిన అధ్యయనం 2007లో అచ్చయింది. ఒకే అర్హతలున్న దరఖాస్తులను వేర్వేరు ఇంటిపేర్లతో ప్రైవేటు కంపెనీలకు పంపితే, దళిత ఇంటిపేరున్న దరఖాస్తులకు పిలుపులు తక్కువ వచ్చాయి. అక్కడ ఇంటిపేరే గీత.

మరి మన ఊళ్ళ సంగతి చెప్పాలా? ఊరు ఒకచోట, వాడ ఒకచోట. ఇల్లు ఎక్కడుందో దాన్ని బట్టి గీతలు గీసే గ్రాఫ్‌లో, ఏ కులం అని ఒక్క చోట కూడా రాయకపోయినా, వాడ అంతా ఒకే ముద్దగా కలిసి ఉంటుంది. కులం గడి కొట్టేశాం కాబట్టి కులం పోయిందని ఎవరైనా అంటే, గీతలు చూపించమని అడగాలి.

రికార్డులు కలపడంలో గీత తప్పితే ఏమవుతుందో తెలంగాణలోనే చూశాం. రేషన్ కార్డులు క్షేత్ర పరిశీలన లేకుండా కంప్యూటర్ ఆధారంగా రద్దయ్యాయని వేసిన వ్యాజ్యంలో, రద్దయిన దాదాపు 19 లక్షల కార్డులను మళ్ళీ పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అక్కడ వాడింది నేను చెప్పిన సగటు లెక్క కాదు. పేర్లను, రికార్డులను జతపరిచే పద్ధతి వేరు. కానీ ప్రశ్న మాత్రం ఒకటే. ఈ మనిషికీ ఆ రికార్డుకూ సంబంధం ఉందని గీత గీసింది ఎవరు? గీసే ముందు ఆ ఇంటి తలుపు తట్టారా?

మనం ఆ లెక్కలో ఎక్కడ ఉన్నాం?

మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. ఈ సంచిక చదివే మీలో చాలామంది ఇళ్ళలో మొదటి డిగ్రీ మీదే అవుతుంది. ఇప్పుడు ఆలోచించండి. నా చుట్టూ ఉన్న బిందువులు ఏవి? కూలికి వెళ్ళే అమ్మా నాన్నా, బడి మధ్యలో మానేసిన బంధువులు, మా వాడ. వాళ్ళ సగటు తీసి నా చదువు చెప్పమంటే ఆ లెక్క ఐదో తరగతో, ఆరో తరగతో చెబుతుంది. ఎం.ఎస్సీ. అని చస్తే చెప్పదు. నునుపు సూత్రం ప్రకారం నేను జరగకూడదు. మీరూ జరగకూడదు. కుటుంబంలో మొదటి పట్టభద్రులంటే గ్రాఫ్‌లో గతుకులు. ఆ గతుకులు పుట్టడానికే ప్రభుత్వం హాస్టళ్ళు పెట్టింది, స్కాలర్‌షిప్పులు ఇచ్చింది. పక్కింటి సగటు దగ్గర ఆగిపోకుండా ఉండడానికే ఇక్కడ మనకొక మంచం, ఒక ట్రంకుపెట్టె, ఒక కంచం ఇచ్చారు.

ఇంకో సంగతి. 2015 నాటి పరిశోధనలో ఒక మంచి సౌకర్యం ఉంది. తెలిసిన విలువల్లో కొన్ని తప్పుగా నమోదై ఉండవచ్చు కాబట్టి, చుట్టుపక్కల వాటితో పొసగని కొన్నిటిని వదిలేసి మిగతా వాటితో నునుపు చేయవచ్చు. ఎన్ని వదలాలో మనం చెబితే, ఏవి వదిలితే మేలో ఆ పద్ధతి సహేతుకమైన సమయంలో కనిపెడుతుంది. చెడ్డ వెబ్‌సైట్లను ఏరే పనిలో ఇది వరమే. కానీ అదే సౌకర్యాన్ని మన వాడ మీద పెట్టి చూడండి. చుట్టూ అందరికీ ఐదో తరగతి, ఒక్క ఇంట్లో ఎం.ఎస్సీ. యంత్రం దృష్టిలో అది సాధన కాదు, నమోదులో దొర్లిన పొరపాటు. చెరిపేయవలసిన అంకె. గణితం కుట్ర చేసిందని నేననడం లేదు. జన్యువులకు, వెబ్‌సైట్లకు సరిపోయే నమ్మకాన్ని మనిషి భవిష్యత్తుకు అతికించినవాళ్ళను అడగవలసిన ప్రశ్న ఇది.

ఎదురుప్రశ్నలు

మిత్రులతో ఈ విషయం మాట్లాడినప్పుడు రెండు మాటలు వినిపించాయి. రెంటిలోనూ కొంత నిజం ఉంది.

మొదటిది: "యంత్రం కాకపోతే గుమాస్తా అంచనా వేస్తాడు. అతను మాత్రం మన ఇంటిపేరు చూడడా? యంత్రం కనీసం అందరికీ ఒకే సూత్రం పెడుతుంది." నిజమే. మనిషి పక్షపాతం మనకు కొత్త కాదు. అయితే గుమాస్తా తప్పు చేస్తే ఒక మండలంలో చేస్తాడు. అతని ఎదుట నిలబడి అడగవచ్చు, పైఅధికారికి అర్జీ పెట్టవచ్చు. వేగమైన లెక్క తప్పు చేస్తే ఒక్క మధ్యాహ్నంలో రాష్ట్రమంతటా చేస్తుంది. అర్జీ ఎవరికి పెట్టాలో కూడా తెలియదు. అందుకే వేగం పెరిగినకొద్దీ అడిగే హక్కు కూడా పెరగాలి. ఆ పని చేసి పెట్టగలిగేదీ ఈ వేగమే. లెక్క క్షణాల్లో అయిపోతుందంటే, "ఈ గీత తీసేసి మళ్ళీ చేసి చూపించండి" అన్నప్పుడు కుదరదు, సమయం లేదు అనడానికి వీల్లేదు. వేగం నిర్ణయాలు తీసుకోవడానికి మాత్రమే కాదు, సరిచూడడానికి కూడా వాడాలి.

రెండోది: "మనకెందుకన్నా ఈ గొడవ? గ్రూప్స్ రాసుకుందాం, లేదంటే ఒక సాఫ్ట్‌వేర్ కోర్సు చేసి ఉద్యోగం చూసుకుందాం." ఉద్యోగం కావాలి. ఇంటి దగ్గర అప్పులున్నవాళ్ళకు నీతులు చెప్పేంత పెద్దవాణ్ణి కాను. కానీ గ్రూప్స్ రాసి రేపు మీరే అధికారి అవుతారు. మీ బల్ల మీదకు ఇలాంటి జాబితా వస్తుంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరితే ఆ జాబితా తయారుచేసే ప్రోగ్రామ్ మీరే రాస్తారు. గీతల గురించి తెలియని అధికారి కళ్ళు మూసుకొని సంతకం పెడతాడు. వాడ అంటే ఏమిటో తెలియని ప్రోగ్రామర్ చిరునామాను గీతగా వాడేస్తాడు. రెండూ తెలిసినవాళ్ళు కావాలి. వాళ్ళు మన హాస్టళ్ళ నుంచి కాక ఇంకెక్కడి నుంచి వస్తారు?

నేను కోరేది

ఒకటి. రేషన్, స్కాలర్‌షిప్, సీటు, అప్పు వంటి విషయాల్లో పక్కవాళ్ళను బట్టి కట్టిన అంచనా ఎవరి ఇంటికి ముందు వెళ్ళి అడగాలో చెప్పడానికి పనికిరావాలి. అడగకుండానే కొట్టివేయడానికి పనికిరాకూడదు.

రెండు. ప్రభుత్వం ఇలాంటి లెక్క వాడితే, దేన్ని బట్టి గీతలు గీశారో సామాన్యుడికి అర్థమయ్యే తెలుగులో ప్రకటించాలి. సూత్రం రహస్యమైనా కావచ్చు, గీతలు రహస్యం కాకూడదు.

మూడు, ఇది మనకు. మాత్రికలు, సగటులు, సంభావ్యత అనే మూడు అధ్యాయాలను మార్కుల కోసం బట్టీ పట్టి వదిలేయకండి. ఈ శాస్త్రానికి తలుపు అక్కడే ఉంది. తెలుగు మీడియం నుంచి వచ్చామని వెనకాడవద్దు. ప్రమేయం అన్నా ఫంక్షన్ అన్నా లెక్క మారదు. గిల్బర్ట్ స్ట్రాంగ్ గారి రేఖీయ బీజగణిత పాఠాలు ఎమ్‌ఐటీ వాళ్ళు ఉచితంగా పెట్టారు. మన ఐఐటీల అధ్యాపకుల పాఠాలు ఎన్‌పీటీఈఎల్‌లో ఉన్నాయి. స్పీల్‌మన్ తన లాప్లాసియన్ ప్రోగ్రాములను జూలియా భాషలో ఎవరైనా వాడుకునేలా ఇచ్చారు. ఒక పాత కంప్యూటరు, రోజుకు ఒక గంట ఉంటే మొదలుపెట్టవచ్చు. పూర్వ విద్యార్థులైన అన్నలకు, అక్కలకు ఒక విన్నపం. ఈసారి హాస్టల్‌కు ఏదైనా చేయాలనుకుంటే గోడ గడియారం, ఫ్యానుతో పాటు ఒక ఆదివారం మీ సమయం కూడా ఇవ్వండి. వచ్చి, ఆరుగురు పిల్లలను వరుసగా కూర్చోబెట్టి, ఈ సగటుల ఆట ఆడించండి. ఒక గీత గీసి, ఒక గీత చెరిపి, అంకెలు ఎలా మారతాయో వాళ్ళ చేతనే చెప్పించండి.

మనల్ని చుట్టుపక్కల వాళ్ళతో కలిపి చూడటం తప్పేమీ కాదు. మన అమ్మానాన్నలతో, మన వాడతో మనకున్న గీత మనకు గర్వమే. దాన్ని చెరపమని అడగడం లేదు. ఆ గీతను మన విలువ కట్టడానికి తాడుగా వాడొద్దని మాత్రమే అడుగుతున్నాం. అలా అడగాలంటే లెక్క తెలిసి ఉండాలి. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, రండి, నేర్చుకుందాం.

– ఎం.ఎస్సీ. గణితం, పూర్వ హాస్టల్ విద్యార్థి